రేడియేషన్ ఇచ్చేటప్పుడు బ్లాడర్, పేగులు దెబ్బతినకుండా ఏం చేస్తారు? అమ్మకి ట్రీట్‌మెంట్ మొదలవబోతోంది

మేఘమాల:

అందరికీ నమస్కారం. మా అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది, స్టేజ్ 2బి. ఈ దశలో ఆపరేషన్ కంటే రేడియేషనే సరైందన్నారు. బయటి నుంచి ఐదు వారాల పాటు, మొత్తం 25 సిట్టింగులు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివర్లో లోపల పెట్టే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ. ప్లానింగ్ సీటీ స్కాన్ అయిపోయింది.

ఆ స్కాన్‌కి మూత్రం ఆపుకుని రమ్మన్నారు, కడుపులో గ్యాస్ లేకుండా చూసుకోమన్నారు. ఎందుకో సరిగా చెప్పలేదు, ఆ హడావిడిలో మేమూ అడగలేకపోయాం. అమ్మకి ఇప్పుడు క్యాన్సర్ కంటే రేడియేషన్ అంటేనే ఎక్కువ భయంగా ఉంది. వాళ్ల పెద్దమ్మకి చాలా ఏళ్ల కిందట కరెంటు పెట్టించాక మలంలో రక్తం పడేదట, మూత్రంలో మంట చివరిదాకా పోలేదట. "నాకూ అదే గతి, ఈ ట్రీట్‌మెంట్ వద్దు" అంటోంది.

బ్లాడర్, పేగులు, ఎముకలు, వీటిని కాపాడటానికి నిజంగా ఏం చేస్తారు? అందులో మేం చేయగలిగిందేమైనా ఉందా, లేక అంతా మెషీన్ మీదే ఆధారపడి ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రెండోషిఫ్ట్:

మేఘమాల గారూ, నేను రేడియేషన్ మెషీన్ దగ్గర పనిచేసే టెక్నాలజిస్ట్‌ని. మూత్రం సంగతి నేను చెబుతాను.

పొత్తికడుపులో ముందు బ్లాడర్, దాని వెనక గర్భాశయం, ఇంకా వెనక మలాశయం, అదే రెక్టమ్. వీటి మీద చిన్నపేగులు ఉంటాయి. బ్లాడర్ నిండితే పైకి ఉబ్బి చిన్నపేగుల్ని కిరణాలు పడే చోటు నుంచి పైకి నెడుతుంది. బ్లాడర్ పై గోడ కూడా దూరం జరుగుతుంది కాబట్టి బ్లాడర్ మొత్తానికీ ఒకే మోతాదు పడదు. ఖాళీగా ఉంటే పేగులు కిందికి జారి సరిగ్గా కిరణాల దారిలోకి వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. గర్భాశయం ఒకచోట కదలకుండా ఉండే అవయవం కాదు. బ్లాడర్ నిండితే పైకీ వెనక్కీ వెళ్తుంది, ఖాళీ అయితే ముందుకు వాలుతుంది. కొందరిలో దాని పై భాగం మూడు నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. రెక్టమ్‌లో గ్యాస్ గానీ మలం గానీ నిండి ఉంటే అది ముఖద్వారాన్ని ముందుకు తోస్తుంది. ప్లాన్ వేసిన రోజు ఒకలా ఉండి, ట్రీట్‌మెంట్ రోజు ఇంకోలా ఉంటే గడ్డకి తగలాల్సింది పక్కవాటికి తగులుతుంది.

అందుకని బ్లాడర్ పగిలిపోయేంత నింపుకోవాల్సిన పని లేదు. స్కాన్ రోజు ఎంత ఉందో రోజూ దాదాపు అంతే ఉంటే చాలు. చాలాచోట్ల ముందు మూత్రం పూర్తిగా పోసేసి, అర లీటరుకి అటూ ఇటుగా నీళ్లు తాగి, అరగంట నుంచి గంట ఆగమంటారు. మీ సెంటర్ వాళ్లు ఎన్ని నీళ్లు, ఎంతసేపు అన్నారో అదే పాటించండి. ఇంకెక్కడో చదివి లెక్క మార్చకండి.

కీమో రోజు మాత్రం జాగ్రత్త. సిస్‌ప్లాటిన్‌తో పాటు కిడ్నీల కోసం సెలైన్ బాగా ఎక్కిస్తారు. ఆ రోజు బ్లాడర్ మామూలు కంటే చాలా త్వరగా నిండుతుంది. కీమో తర్వాత రేడియేషన్ ఉంటే మెషీన్ దగ్గర వాళ్లకి ముందే ఆ మాట చెప్పండి, టైము సర్దుతారు.

తూనీగ:

నాకూ ఇదే క్యాన్సర్, ఇదే స్టేజ్, ఇదే ట్రీట్‌మెంట్. అయిపోయి ఆరేళ్లు. అమ్మగారికి నా మాటగా చెప్పండి, నేను ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను, మలంలో రక్తం లేదు, మూత్రంలో మంట లేదు.

మూత్రం ఆపుకోవడం మొదటి రెండు వారాలు తేలికే. మూడో వారం నుంచి బ్లాడర్ లోపలి పొర మండి, కొంచెం నిండగానే అర్జెంట్ అనిపిస్తుంది. అప్పుడు పళ్లు బిగబట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఉండొద్దు. నేను చెప్పాక యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందేమోనని టెస్ట్ చేశారు, తాగే నీళ్లు తగ్గించి, ఆగే టైమూ మార్చారు. ఒక్కోరోజు టేబుల్ మీద స్కాన్ చూసి "ఇంకా నిండలేదు, దిగి కాసేపు కూర్చోండి" అనేవాళ్లు. మొదట్లో విసుగొచ్చేది. వాళ్లు మన పేగుల కోసమే ఆపుతున్నారని తెలిశాక ఆ విసుగు పోయింది.

ఇంకోటి. వాంతులు ఆగడానికి ఇచ్చే మాత్రలతో మలబద్ధకం వస్తుంది. మొదటి వారాల్లో నాకు అదే పెద్ద ఇబ్బంది. రెక్టమ్ నిండితే ఏమవుతుందో పైన చెప్పారు కదా. ఆ విషయం చెప్పడానికి సిగ్గుపడకుండా డాక్టర్ని మందు అడగమనండి.

గ్రేమీటర్:

నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. ప్లాన్ తయారయ్యే గదిలో ఉంటాను. పెద్దమ్మ గారి రోజులకీ ఇప్పటికీ ఏం మారిందో చెప్పాలనిపించింది, ఎందుకంటే అమ్మగారి భయానికి జవాబు అక్కడే ఉంది.

అప్పట్లో ఎక్స్‌రేలో కనబడే ఎముకల్ని గుర్తుగా పెట్టుకుని ముందు నుంచీ వెనక నుంచీ, లేదా నాలుగు వైపుల నుంచీ కిరణాలు పంపేవారు. కిరణాలు కలిసే చోట పెద్ద పెట్టె ఆకారం ఏర్పడేది. ఆ పెట్టెలో గడ్డ ఉన్నా పేగు ఉన్నా పూర్తి మోతాదు పడాల్సిందే.

ఇప్పుడు సీటీ మీద ప్రతి అవయవాన్నీ డాక్టర్ చేత్తో గీస్తారు. ఇది గర్భాశయం, ఇవి లింఫ్ గ్రంథులుండే దారులు, ఇది బ్లాడర్, ఇది రెక్టమ్, ఇది సిగ్మాయిడ్ (రెక్టమ్‌కి పైనుండే పెద్దపేగు వంపు), ఇవి పేగులు, ఇవి తొడ ఎముక తలలు. ఐఎంఆర్‌టీ పద్ధతిలో మెషీన్ చాలా కోణాల నుంచి, ప్రతి కోణంలో కిరణం ఆకారాన్నీ బలాన్నీ మారుస్తూ ఇస్తుంది. పొత్తికడుపు మధ్యలో పేగులుండే చోట మోతాదు లోపలికి వంగేలా చేయవచ్చు. కటి ఎముకల్లో రక్తం తయారుచేసే మజ్జ చాలా ఉంటుంది. కీమో కూడా నడుస్తుంటే తెల్లకణాలు పడిపోకుండా ఆ ఎముకలకి కూడా పరిమితులు పెట్టుకుంటాం.

దీనికి గట్టి రుజువు ఉంది. ముంబై టాటా మెమోరియల్‌లో పార్సర్ అనే ట్రయల్ చేశారు, 2021లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైన ముఖద్వార క్యాన్సర్ స్త్రీలు 300 మంది. సగం మందికి పాత త్రీడీ పద్ధతి, సగం మందికి రోజూ స్కాన్ చూసి ఇచ్చే ఐఎంఆర్‌టీ. మూడేళ్లకి ఓ మోస్తరు లేదా అంతకంటే ఎక్కువ పేగు సమస్యలు పాత పద్ధతిలో 42.4 శాతం, కొత్త పద్ధతిలో 21.1 శాతం. క్యాన్సర్ అదుపులో తేడా లేదు. అంటే పేగుల్ని కాపాడినందుకు ట్రీట్‌మెంట్ పలచబడలేదు.

కానీ సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. బ్లాడర్ వెనక గోడ, రెక్టమ్ ముందు గోడ ముఖద్వారాన్ని ఆనుకునే ఉంటాయి. వాటికి కొంత పడుతుంది. ఎంత పడింది, ఎంత భాగానికి పడింది అన్నది మా చేతిలో ఉన్నది. ఆ గీత ఎంత దగ్గరగా గీయగలం అన్నది రోజూ బ్లాడర్ ఒకేలా ఉండటం మీద ఆధారపడుతుంది. గర్భాశయం ఎటు కదులుతుందో తెలియకపోతే చుట్టూ ఎక్కువ మార్జిన్ వదలాలి, ఆ మార్జిన్‌లోకి పేగులొస్తాయి. కాబట్టి మేఘమాల గారూ, మీరు చేయగలిగింది చాలానే ఉంది.

మేఘమాల:

గ్రేమీటర్ గారూ, రెండోషిఫ్ట్ గారూ, చాలా థాంక్స్. తూనీగ అక్కా, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను. "ఆరేళ్లా?" అని రెండుసార్లు అడిగింది. బ్లాడర్ నిండుగా, ఖాళీగా రెండు స్కాన్లు ఎందుకు తీశారో కూడా ఇప్పుడు అర్థమైంది.

రాఘవ:

నమస్తే. ఈ చర్చలోకి వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడకి బయటి రేడియేషన్ చివరికొచ్చింది. ఇప్పుడు బ్రాకీథెరపీ అంటున్నారు. మత్తు ఇచ్చి లోపల గొట్టాలు పెడతారని విన్నప్పటి నుంచి ఆమెకి నిద్ర లేదు. ఇంట్లో పెద్దవాళ్లు "బయటి నుంచే ఇంకో పది సిట్టింగులు ఎక్కువ ఇప్పించండి, లోపల పెడితే బ్లాడర్, పేగులు కాలిపోతాయి" అంటున్నారు. బయటి నుంచి పేగుల్ని ఇంత బాగా కాపాడుతుంటే, అదే కొనసాగించవచ్చు కదా?

చేమంతి:

రాఘవ గారూ, నేను రేడియేషన్ ఆంకాలజిస్ట్‌ని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో నయం చేయాలని ఇచ్చే రేడియేషన్‌లో బ్రాకీథెరపీని వదిలేయకండి. ఈ చర్చలో ఇంకేం గుర్తున్నా లేకున్నా ఇది గుర్తుపెట్టుకోండి.

కారణం వినండి. బయటి నుంచి 45 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చాక గడ్డ చిన్నదవుతుంది గానీ చావదు. ముఖద్వారం దగ్గర మిగిలిన జబ్బుకి మొత్తం 85 గ్రే లేదా అంతకంటే ఎక్కువ చేరాలి. ఆ మిగతాది బయటి నుంచి ఇస్తే కిరణాలు బ్లాడర్, రెక్టమ్, పేగుల గుండా వెళ్లే గడ్డని చేరాలి. అంత మోతాదు అవి తట్టుకోలేవు. అప్పుడు రెండే దారులు, మోతాదు తగ్గించడం లేదా అవయవాల్ని పాడుచేయడం. బ్రాకీలో సోర్స్, అంటే కిరణాలిచ్చే చిన్న గింజ, గడ్డ మధ్యలోనే ఉంటుంది. దూరం రెట్టింపైతే మోతాదు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే లోపల పెట్టడం వల్లే అవయవాలు బతుకుతాయి. మీ పెద్దవాళ్లు అనుకుంటున్నదానికి ఇది పూర్తిగా ఉల్టా అని నాకు తెలుసు, అయినా నిజం ఇదే. బ్రాకీకి బదులు బయటి నుంచే బూస్ట్, అంటే అదనపు మోతాదు, ఇచ్చినచోట స్త్రీలు బతికే అవకాశాలు తగ్గాయని పెద్ద పెద్ద రికార్డుల పరిశీలనల్లో తేలింది.

భయం గురించి. స్పైనల్ గానీ జనరల్ గానీ మత్తు ఇస్తారు, నొప్పికి విడిగా మందులిస్తారు. "నా భార్యకి భయంగా ఉంది, నొప్పి ఎలా తగ్గిస్తారు?" అని సూటిగా అడగండి. అడగడం మీ హక్కు. ఆలస్యం మాత్రం చేయొద్దు. మొదటి రోజు నుంచి మొత్తం ట్రీట్‌మెంట్ ఎనిమిది వారాల లోపు పూర్తవ్వాలి. అంతకు మించి లాగితే గడ్డ మళ్లీ బలపడుతుంది.

గ్రేమీటర్:

డాక్టర్ గారు చెప్పినదానికి బ్రాకీ వైపు లెక్క జోడిస్తాను. కొంచెం అంకెలుంటాయి, ఓపిగ్గా చదవండి. కుటుంబాలు ఈ అంకెలు తెలుసుకోవచ్చని నా నమ్మకం.

అప్లికేటర్, అంటే సోర్స్ వెళ్లే గొట్టాలు, లోపల పెట్టాక సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తాం. రెక్టమ్‌లో, బ్లాడర్‌లో, సిగ్మాయిడ్‌లో అన్నిటికంటే ఎక్కువ మోతాదు పడే 2 ఘన సెంటీమీటర్ల భాగం ఎక్కడుందో చూస్తాం. ఆ చిన్న ముక్కకి ఎంత పడిందన్నదే తర్వాత పుండు, రక్తస్రావం వస్తాయా అన్నది చెబుతుంది. బయటి మోతాదు, లోపలి మోతాదు కలిపి ఒకే కొలతలోకి మార్చాక, రెక్టమ్‌కి 65 గ్రే లోపు ఉండాలని చూస్తాం, 75 దాటనివ్వం. బ్లాడర్‌కి 80 లోపు లక్ష్యం, 90 గరిష్ఠం. సిగ్మాయిడ్‌కి 70 లక్ష్యం, 75 గరిష్ఠం.

ఇప్పుడొక ఉదాహరణ. బయటి నుంచి 25 సిట్టింగుల్లో ఇచ్చిన 45 గ్రే, రెక్టమ్ కొలతలో 43.2 అవుతుంది. తర్వాత 7 గ్రే చొప్పున నాలుగు బ్రాకీ సిట్టింగులు అనుకుందాం. ప్రతిసారీ రెక్టమ్‌లోని ఆ చిన్న ముక్కకి 4 గ్రే పడితే మొత్తం 16. ఒకేసారి పెద్ద మోతాదు పడటం మామూలు కణజాలానికి ఎక్కువ దెబ్బ కాబట్టి ఆ 16 ని 22.4 గా లెక్కగడతాం. మొత్తం 65.6. లక్ష్యం దగ్గరే ఉన్నాం.

అదే ప్రతిసారీ 4 బదులు 5 గ్రే పడిందనుకోండి. 20 గ్రే, కానీ లెక్కలో 32. మొత్తం 75.2, గరిష్ఠం దాటిపోయింది. సిట్టింగ్‌కి ఒక్క గ్రే తేడా, చివరికి దాదాపు పది గ్రే తేడా! అప్లికేటర్ చుట్టూ డాక్టర్ గాజుగుడ్డ ప్యాకింగ్ అంత శ్రద్ధగా, గట్టిగా పెట్టేది ఇందుకే. అది రెక్టమ్‌నీ బ్లాడర్‌నీ సోర్స్ నుంచి కొద్ది మిల్లీమీటర్లు దూరం నెడుతుంది. కొన్ని అప్లికేటర్లకి వెనకవైపు రెక్టమ్‌ని నెట్టే పలక కూడా ఉంటుంది. రాఘవ గారూ, ప్యాకింగ్ వల్ల బరువుగా, ఒత్తినట్టు ఉంటుందని ఆవిడకి ముందే చెప్పండి. ఆ ఒత్తిడి ఆమె రెక్టమ్‌ని కాపాడుతోంది.

రాఘవ:

డాక్టర్ గారూ, గ్రేమీటర్ గారూ, ఈ లెక్క చూశాక ఇంట్లో వాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాట ఉంది. చాలా రుణపడి ఉంటాను. ఒక్క డౌట్. సీటీ, ఎంఆర్ఐ అన్నారు. ఎంఆర్ఐ లేని చోట చేయించుకుంటే నష్టమా?

చేమంతి:

ఎంఆర్ఐలో మిగిలిన గడ్డ అంచు చాలా స్పష్టంగా కనబడుతుంది. ఎంఆర్ఐ చూసి గడ్డ ఆకారానికి తగ్గట్టు మోతాదు మలిచే పద్ధతిని చాలా దేశాల సెంటర్లు కలిసి ఎంబ్రేస్ అధ్యయనంలో చూశాయి. 2021లో వచ్చిన ఫలితాల్లో ఐదేళ్లకి ముఖద్వారం దగ్గర జబ్బు అదుపు 92 శాతం. ప్రతిసారీ ఎంఆర్ఐ కుదరకపోతే, బ్రాకీకి ముందు ఒకసారి ఎంఆర్ఐ తీసి, ప్రతి సిట్టింగ్‌కీ సీటీ చూసి ప్లాన్ చేసినా మంచి పనే. సీటీలో రెక్టమ్, బ్లాడర్ బాగానే కనబడతాయి. కాబట్టి మీరు అడగాల్సింది "ప్రతి సిట్టింగ్‌కీ అప్లికేటర్ పెట్టాక స్కాన్ చేసి మళ్లీ ప్లాన్ చూస్తారా?" అని. అప్లికేటర్ ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది, సిగ్మాయిడ్ పేగు కూడా తన చోటు మార్చుకుంటుంది.

గడ్డ ఒక పక్కకి బాగా పాకి ఉంటే అప్లికేటర్‌తో పాటు సన్నని సూదులు కూడా పెడతారు. పేరు వింటే భయమేస్తుంది గానీ, అవి లేకుండా ఆ పక్కకి మోతాదు చేర్చాలంటే బ్లాడర్, రెక్టమ్‌లకి కూడా పెరిగిపోతుంది.

వేకువ:

ప్రోస్టేట్‌కి రెక్టమ్ ముందు జెల్ ఎక్కించి దూరం పెంచుతారని చదివాను. ఇక్కడ అది వాడరా? ప్రోటాన్ సంగతేంటి?

చేమంతి:

వేకువ గారూ, యోని గోడకీ రెక్టమ్‌కీ మధ్య జెల్ పెట్టి చూసినవాళ్లు ఉన్నారు, ఎంపిక చేసిన కొందరికి ఉపయోగం కనబడింది. అందరికీ చేసే పద్ధతి మాత్రం కాదు, గడ్డ ఆ పొరలోకి పాకి ఉంటే చేయకూడదు కూడా. ప్రోటాన్ మీద పరిశోధన సాగుతోంది. గర్భాశయం కదలడం, పేగుల్లో గ్యాస్ మారడం ప్రోటాన్ కిరణాల లెక్కని బాగా తారుమారు చేస్తాయి. దాని కోసం ట్రీట్‌మెంట్ వాయిదా వేసుకోవద్దు.

హరిత:

నాకు 31. ముఖద్వార క్యాన్సర్, రేడియేషన్ కీమో అన్నారు, వచ్చే వారం ప్లానింగ్. ఇక్కడ అందరూ బ్లాడర్, పేగుల గురించి మాట్లాడుతున్నారు. అండాశయాల గురించి ఎవరూ అనడం లేదు. మా డాక్టర్ దగ్గర ఈ మాట ఎత్తడానికి నాకు మొహమాటంగా ఉంది. ప్రాణం కంటే అది ముఖ్యమా అంటారేమోనని.

చేమంతి:

హరితా, నువ్వు అడిగింది చాలా సరైన ప్రశ్న. ప్లానింగ్‌కి ముందే అడగాల్సిన ప్రశ్న. రేపే ఫోన్ చెయ్యి, వచ్చే వారం దాకా ఆగొద్దు.

అండాశయాలు రేడియేషన్‌ని అసలు తట్టుకోవు. అందులోని అపరిపక్వ అండాల్లో సగం చావడానికి 2 గ్రే కూడా అక్కర్లేదు. కటి భాగానికి 45 గ్రే ఇస్తే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి, నెలసరి ఆగిపోతుంది, వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడటం చిన్న వయసులోనే మొదలవుతాయి. నీ వయసులో వాళ్లకి రేడియేషన్ మొదలవక ముందే లాపరోస్కోపీతో అండాశయాల్ని వాటి రక్తనాళాలతో సహా పైకి, పక్కకి, కటి ఎముక అంచు దాటి జరిపి కుట్టేయవచ్చు. అవి ఎక్కడున్నాయో సీటీలో కనబడేలా చిన్న లోహపు క్లిప్పులు పెడతారు. ఫిజిసిస్ట్ వాటిని చూసి మోతాదు తగ్గిస్తారు. ప్రతి ఒక్కరిలో ఫలించదు, రక్తప్రసరణ తగ్గి గానీ, చెదిరే కిరణాల వల్ల గానీ కొందరిలో అండాశయాలు ఆగిపోతాయి. బయాప్సీలో స్క్వామస్ రకం (పై పొర కణాల్లో పుట్టేది) వస్తే ఇది సాధారణంగా క్షేమం. అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టేది) అయితే అండాశయాలకి పాకే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి ఆలోచించి నిర్ణయిస్తారు.

అండాలు దాచుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ట్రీట్‌మెంట్ అంత ఆగగలదా అన్నది నీ జబ్బుని చూసి చెప్పాలి. ఒక సంగతి కష్టమైనా చెబుతున్నాను. ఇంత మోతాదు తర్వాత గర్భాశయం బిడ్డని మోయలేదు. అండాశయాల్ని కాపాడేది హార్మోన్ల కోసం, ఎముకలూ గుండే బాగుండటం కోసం. ఒకవేళ అవి ఆగిపోయినా స్క్వామస్ రకంలో హార్మోన్ మాత్రలు వాడవచ్చు. గర్భాశయం ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా కలిపి ఇవ్వాలి.

ప్రాణం ముఖ్యమా ఇది ముఖ్యమా అని నిన్ను ఎవరూ అనకూడదు. రెండూ ఒకే సంభాషణలో మాట్లాడుకోవాల్సినవే.

హరిత:

ఫోన్ చేశాను డాక్టర్ గారూ. గురువారం సర్జన్‌ని కలవమన్నారు. మీరు రాయకపోతే అడిగేదాన్ని కాదు.

నర్సక్క:

రేడియేషన్ వార్డులో నర్స్‌ని. రోజువారీ సంగతులు కొన్ని చెబుతాను.

రెండు మూడు వారాల మధ్య విరేచనాలు మొదలవుతాయి చాలామందికి. రోజుకి మామూలు కంటే ఎన్నిసార్లు ఎక్కువ అవుతున్నాయో ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపించండి. లోపెరమైడ్ మాత్రలు వాళ్లు చెప్పిన లెక్కలో వేసుకుంటే చాలావరకు అదుపులోకి వస్తాయి. ఆ రోజుల్లో పీచు, నూనె ఎక్కువున్నవి తగ్గించండి, నీళ్లు తగ్గించొద్దు. నీరసంగా ఉందని సిట్టింగ్ మానేయొద్దు, ముందు మాకు చెప్పండి. తెలిసినవాళ్లు ఇచ్చిన బలం మందులు, యాంటీఆక్సిడెంట్ మాత్రలు డాక్టర్‌కి చూపించకుండా వేసుకోవద్దు.

పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఐదు వారాలైనా మానేయండి, అలాగే తర్వాత కూడా. పేగులకి వచ్చే తీవ్రమైన దెబ్బలు పొగ తాగేవాళ్లలో బాగా ఎక్కువ. షుగర్, ముందు ఎప్పుడో అయిన పొత్తికడుపు ఆపరేషన్ ఉంటే మొదటిరోజే చెప్పండి. ఆపరేషన్ అయినచోట పేగు అతుక్కుని ఉంటే బ్లాడర్ ఎంత నింపినా అది పైకి కదలదు, ప్లాన్ వేసేవాళ్లకి ఆ సంగతి తెలియాలి.

ఇంకో అవయవం గురించి ఎవరూ మాట్లాడరు. యోని. ట్రీట్‌మెంట్ తర్వాత లోపలి గోడలు పొడిబారి, అతుక్కుని, కురచబడతాయి. దానికి డైలేటర్ అనే నున్నటి గొట్టం ఇస్తాం. వాపు, పుండు తగ్గాక, కొన్ని వారాల తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు మొదలుపెట్టి, వారానికి రెండు మూడుసార్లు కొన్ని నిమిషాల చొప్పున వాడాలి. పెళ్లయినవాళ్లే వాడాలనో, వయసైనవాళ్లకి అక్కర్లేదనో అనుకోకండి. దారి మూసుకుపోతే జబ్బు మళ్లీ వచ్చిందా అని డాక్టర్ లోపల పరీక్ష చేయడం కూడా కష్టమవుతుంది. మా దగ్గరకి వచ్చే అరవై దాటిన తల్లులకి కూడా నేను ఇదే చెబుతాను, విని వాడినవాళ్లు తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు ఏడవరు.

తూనీగ:

నర్సక్కా, ఇది నాకు అప్పుడెవరైనా ఇంత సూటిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నేను దాని గురించి పేపర్‌లో చదివి అడిగి తెచ్చుకున్నాను. పొడిబారడానికి జెల్, తర్వాత లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ కూడా డాక్టర్ రాశారు, బాగా పనిచేసింది.

వేకువ:

నాది గర్భాశయ లోపలి పొర క్యాన్సర్. గర్భాశయం తీసేశాక నాకు యోనిలో బ్రాకీ మాత్రమే ఇచ్చారు, బయటి రేడియేషన్ లేదు. సగమే ట్రీట్‌మెంట్ ఇచ్చారేమోనని నాకప్పట్లో టెన్షన్. మీ అందరికీ పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

చేమంతి:

వేకువ గారూ, అది సగం ట్రీట్‌మెంట్ కాదు. మీలాంటి ఓ మోస్తరు రిస్క్ ఉన్నవాళ్ల మీదే పోర్టెక్-2 అనే ట్రయల్ చేశారు, 2010లో ప్రచురించారు. 427 మందిలో కొందరికి బయటి రేడియేషన్, మిగతావాళ్లకి యోనిలో బ్రాకీ మాత్రమే ఇచ్చి పోల్చారు. యోనిలో జబ్బు తిరిగి రావడం ఐదేళ్లకి రెండు వైపులా రెండు శాతం లోపే. కానీ ట్రీట్‌మెంట్ చివర్లో పేగు ఇబ్బందులు బయటి రేడియేషన్‌లో 53.8 శాతం, బ్రాకీలో 12.6 శాతం. పేగుల్ని కాపాడటానికి ఒక్కోసారి అన్నిటికంటే మంచి మార్గం, అవసరం లేని చోటికి కిరణాలు పంపకపోవడమే. అయితే ఇది గర్భాశయం తీసేసిన ఎండోమెట్రియల్, అంటే మీలాంటి లోపలి పొర క్యాన్సర్‌లో కొందరికి. ముఖద్వార క్యాన్సర్‌కి దీన్ని అన్వయించకండి.

మేఘమాల:

అమ్మకి ఈ రోజు ఐదో సిట్టింగ్ అయింది. నీళ్లు తాగడం, టైము చూసుకోవడం తనే పట్టుకుంది, నన్ను కూడా మందలిస్తోంది ఆలస్యమైతే. నిన్న ఫిజిసిస్ట్‌ని కలవచ్చా అని అడిగితే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపించారు. పేగుల చుట్టూ రంగు గీత లోపలికి వంగి ఉండటం అమ్మ తన కళ్లతో చూసింది.

ఇంకొక్క ప్రశ్న. అంతా అయ్యాక ఇంటికెళ్లిన తర్వాత దేనికి కంగారు పడాలి, దేనికి పడకూడదు?

చేమంతి:

మంచి ప్రశ్న. ట్రీట్‌మెంట్‌లో వచ్చిన మంట, విరేచనాలు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆలస్యంగా వచ్చేవి వేరు, అవి ఆరు నెలల నుంచి రెండు మూడేళ్ల మధ్య ఎక్కువగా కనబడతాయి. మలంలో కొంచెం రక్తం పడితే వెంటనే మీ రేడియేషన్ డాక్టర్‌కి చెప్పండి. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే సుక్రాల్‌ఫేట్ అనే మందుతో ఎనీమా, ఆర్గాన్ ప్లాస్మాతో రక్తనాళాల్ని మూయడం, ఎక్కువ ఒత్తిడిలో ఇచ్చే హైపర్‌బారిక్ ఆక్సిజన్ లాంటివి ఉన్నాయి. కొలనోస్కోపీకి ఎక్కడికి వెళ్లినా "నాకు కటి భాగానికి రేడియేషన్ అయింది" అని మొదటే చెప్పండి. రెక్టమ్ ముందు గోడ నుంచి అనవసరంగా ముక్క తీస్తే ఆ పుండు మానక యోనిలోకి దారి పడే ప్రమాదం ఉంది.

మూత్రంలో రక్తం కనబడితే ఇన్ఫెక్షన్ అని మందులు వేసుకుంటూ కూర్చోవద్దు, చూపించుకోవాలి. ఎప్పటికీ తగ్గని నీళ్ల విరేచనాలు ఉంటే పిత్తం సరిగా పీల్చుకోకపోవడం కావచ్చు, దానికి కొలెస్టిరమైన్ అనే మందు ఉంది. అది అడగకుండా ఏళ్ల తరబడి బాధపడేవాళ్లని చూస్తుంటాం. చిన్నపేగు చివరి భాగానికి ఎక్కువ పడినవాళ్లకి బి12 కూడా చూడాలి.

నడుము కింద, త్రికాస్థి (వెన్నెముక కింది చివర ఎముక) దగ్గర కొత్తగా నొప్పి వస్తే వెంటనే క్యాన్సర్ ఎముకకి పాకిందని అనుకోకండి. నెలసరి ఆగినవాళ్లలో రేడియేషన్ పడిన ఎముక బలహీనపడి సన్నని చీలిక రావచ్చు. బోన్ స్కాన్‌లో అది జబ్బులాగే వెలుగుతుంది. ఎంఆర్ఐ తీస్తే తేడా తెలుస్తుంది. అమ్మగారికి ఇప్పుడే విటమిన్ డి, ఎముకల సాంద్రత చూపించండి. కాల్షియం, నడక మొదలుపెట్టండి.

వేకువ:

ఆ చివరి పేరా ప్రింట్ తీసి మా అక్కకి ఇస్తున్నాను. ఆమెకి రేడియేషన్ అయి ఏడాదిన్నర, పోయిన నెల నుంచి సరిగ్గా అక్కడే నొప్పి. స్కాన్‌కి వెళ్లడానికి భయపడుతోంది.

చేమంతి:

ఈ వారంలోనే తీసుకెళ్లండి వేకువ గారూ. పాత రేడియేషన్ రికార్డు కూడా వెంట పట్టుకెళ్లండి. ఎముకకి ఎంత మోతాదు పడిందో అందులో ఉంటుంది, ఎంఆర్ఐ చదివే డాక్టర్‌కి అది బాగా పనికొస్తుంది.